ఇంటి దగ్గరే కారుకు మెషీన్ పాలిష్: సీమ ఎండకు, దుమ్ముకు, బోరు నీళ్ళకు తగ్గట్టు

కర్నూలు, అనంతపురం, కడప వైపు కారు పెయింటు చాలావరకు ఇంటి ముందరే పాడవుతుంది. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులుపుతారు. ఆదివారం బోరు నీళ్ళతో కడిగి ఎండకే ఆరబెడతారు. మొదటి పని వల్ల సాలెగూడు లాంటి సన్నగీతలు పడతాయి, రెండోదాని వల్ల తెల్లమచ్చలు. ఈ రెండింటినీ మెషీన్ పాలిష్‌తో ఇంటి దగ్గరే తీసేయొచ్చు. మెషీన్ పట్టేముందు మాత్రం అది ఏం చేస్తుందో తెలిసి ఉండాలి. పాలిష్ గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న పెయింటును గీత లోతుదాకా అరగదీస్తుంది.

అరగదీయడానికి ఉన్నది ఎంత? రేకు మీద ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శక పొర) అన్నీ కలిపి ఇప్పటి కార్లలో సుమారు 90 నుంచి 130 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు వాటా 35 నుంచి 50. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపేది ఈ క్లియర్ కోటే. కారు బతికినన్నాళ్ళూ కలిపి 7, 8 మైక్రాన్లకు మించి తీయకపోవడం మంచిది. నేలకు పరిచే బేతంచెర్ల బండను ఎన్నిసార్లయినా అరగదీసి మెరుగు పెట్టొచ్చు, బండకు మందం ఉంది. కారుకు లేదు. అందుకే ఈ పనంతటికీ ఒకటే లెక్క: ఎంత తక్కువ తీస్తే అంత మంచిది, ఒకసారి తీశాక మళ్ళీ తీసే అవసరం రాకుండా చూసుకోవాలి.

ముందు బండిని చదవండి

కడిగి ఆరిన కారును నీడలో పెట్టి, మొబైల్ టార్చ్ వెలుగు బానెట్ మీద ఏటవాలుగా వేయండి. వెలుగు చుట్టూ గుండ్రంగా కనిపించే సన్నగీతలు పాలిష్‌కు పోతాయి. గోరు ఆనించి లాగితే తగులుకునే గీత పోదు. దాని అంచులు మెత్తబడి కంటికి కొంచెం తగ్గుతుందంతే. టాపు మీద, బానెట్ మీద క్లియర్ కోటు తెల్లగా పొరలు లేస్తుంటే అది ఎండకు చచ్చిపోయిన పెయింటు. అక్కడ మెషీన్ పెడితే పొర ఇంకా ఊడుతుంది. దానికి మళ్ళీ పెయింటు వేయించడం తప్ప మార్గం లేదు.

పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ప్రతి ప్యానెల్‌లో నాలుగైదు చోట్ల చూడండి. పాత కార్ల బేరగాళ్ళ దగ్గర, వాల్యూయర్ల దగ్గర ఇది ఉంటుంది. 200 మైక్రాన్లు దాటితే ఆ ప్యానెల్‌కు మళ్ళీ పెయింటు పడిందని అర్థం. 500 దాటితే కింద లప్పం ఉన్నట్టే. 80 కంటే తక్కువ చూపిస్తే కాంపౌండ్ (గట్టిగా కోసే పాలిష్) మాట మరిచిపోయి మెత్తటి ఫినిషింగ్ పాలిష్‌తో సరిపెట్టండి. మామూలు మీటరు ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు. ఈ మధ్యే టింకరింగ్ చేయించి పెయింటు వేయించి ఉంటే, వాక్స్‌కైనా కోటింగ్‌కైనా కనీసం నెల రోజులు ఆగండి. పెయింటులోని సాల్వెంట్ పూర్తిగా బయటికి పోవాలి.

కొన్ని పాత కార్లకు, ముఖ్యంగా తెలుపు, ఎరుపు రంగులకు అసలు క్లియర్ కోటే ఉండదు. కనపడని మూలలో కొంచెం పాలిష్ చేతితో రుద్ది గుడ్డ చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింటు. దానికీ పాలిష్ పట్టొచ్చు. ప్యాడ్‌కు రంగు అంటుతుంటే భయపడొద్దు, కానీ చెయ్యి ఇంకా తేలిగ్గా ఉండాలి.

కొనాల్సినవి, దగ్గరికి రానివ్వకూడనివి

మొదటిసారి పట్టేవాళ్ళకు డీఏ పాలిషర్, అంటే డ్యూయల్ యాక్షన్ మెషీన్, ఒక్కటే సరైనది. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పేరుకోదు. 8 లేదా 15 మిల్లీమీటర్ల ఊపు, 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ అతికించే పళ్ళెం), 700 నుంచి 900 వాట్లు ఉన్నది చాలు. ఇది 4 ఆంపియర్ల లోపే లాగుతుంది. ఇంట్లో మామూలు సాకెట్ సరిపోతుంది. ఇన్వర్టర్ మీద నడపొద్దు. కరెంటు పోతే ప్యాడ్ ఎత్తి పక్కన పెట్టండి, పెయింటు మీద వదిలేస్తే పాలిష్ ఎండిపోయి అతుక్కుంటుంది.

ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషీన్ త్వరగా కోస్తుంది, అంతే త్వరగా కాలుస్తుంది. చెయ్యి కుదరని వాళ్ళు పట్టుకుంటే ఎండలో గుండ్రటి నీడల్లా హోలోగ్రామ్ గీతలు మిగులుతాయి. ఇక బండలు కోసే చిన్న యాంగిల్ గ్రైండర్‌కు స్పాంజి తగిలించి పాలిష్ పట్టేవాళ్ళు మన వైపు ఉన్నారు. తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల ఆ గ్రైండర్ లేని షెడ్డు ఉండదు కాబట్టి చేతికి అదే వస్తుంది. నిమిషానికి 11 వేల చుట్లు తిరిగే యంత్రం అది. కారు పెయింటుకు రోటరీ అయినా వెయ్యి, పదిహేను వందల దగ్గర నడిపితేనే క్షేమం. గ్రైండర్ కొన్ని సెకన్లలో క్లియర్ కోటును దాటి రంగులోకి వెళ్ళిపోతుంది. బండలకు వాడే పాలిష్ పౌడరు కూడా అంతే, కారు దగ్గరికి రానివ్వకండి.

ఫోమ్ ప్యాడ్లు: పాలిషింగ్ రకం నాలుగు, మెత్తటి ఫినిషింగ్ రకం రెండు, గట్టి కటింగ్ రకం రెండు. ఒక్క ప్యాడ్‌తో కారంతా చేయాలని చూడొద్దు. తడిసి వేడెక్కిన ప్యాడ్ కోయదు, వెనక వెల్క్రో కరిగి ఊడొస్తుంది. పాలిష్‌లు మీడియం ఒకటి, ఫినిషింగ్ ఒకటి, 250 మిల్లీలీటర్ల సీసాలు చాలు. మైక్రోఫైబర్ గుడ్డలు డజనుకు తగ్గకుండా ఉంచుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 150 మిల్లీలీటర్లకు ఆర్‌ఓ నీళ్ళు చేర్చి లీటరు చేస్తే ప్యానెల్ తుడిచే ద్రావణం తయారు. శానిటైజర్ జెల్, థిన్నర్, పెట్రోల్ దీనికి బదులు పనికిరావు. జెల్ జిడ్డు వదులుతుంది, థిన్నర్ పెయింటునే కరిగిస్తుంది.

కడగడం: సగం పని ఇక్కడే

ఇక్కడి దుమ్ములో రాతిపొడి కూడా ఉంటుంది, నలుసు గట్టిది. ఆషాఢం గాలులకు అనంతపురంలో గంటకో పొర పడుతుంది. దాన్ని ముట్టుకోకుండా నీళ్ళతోనే దించాలి. ప్రెషర్ వాషర్ ఉంటే మంచిదే. లేకపోతే పొలానికి మందు కొట్టే 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ బాగా పనికొస్తుంది, కానీ కొత్తదై ఉండాలి. ఒక్కసారి పురుగుమందు పోసినదైనా కారుకు వాడొద్దు. టాపు నుంచి కిందికి తడుపుతూ రండి, తర్వాతే షాంపూ.

రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కారు షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్ళు. మిట్టును (కారు కడిగే మెత్తటి చేతితొడుగును) ప్రతి ప్యానెల్ తర్వాత ఉత్త నీళ్ళలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. బట్టల సర్ఫు, గిన్నెల సబ్బు వాడితే ఉన్న వాక్స్ పోతుంది, రబ్బరు బీడింగులు ఎండుతాయి. తలుపుల కింది భాగం, బంపర్ల కింది భాగం వేరే గుడ్డతో చివరన కడగండి.

అసలు చిక్కు నీళ్ళతోనే. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం నీటిబొట్టు ఆరిపోగానే పెయింటు మీద మిగిలిపోతాయి. ఎండలో వేడి రేకు మీద బొట్టు ఆరితే ఆ మచ్చ కోటులోకి తినుకుంటూ దిగుతుంది. నది నుంచి వచ్చే మున్సిపాలిటీ కొళాయి నీళ్ళు బోరు కంటే నయం. ఏ నీళ్ళతో కడిగినా చివరి జాడింపుకు ఒక్క 20 లీటర్ల ఆర్‌ఓ క్యాన్ పెట్టుకోండి. స్ప్రేయర్‌తో కొడితే అందులో సగంతోనే కారంతా అవుతుంది. వెంటనే మందపాటి మైక్రోఫైబర్ టవల్ పరిచి, అద్దినట్టు ఆరబెట్టండి, రుద్దొద్దు. ట్యాంకర్ నీళ్ళ మీద బతికే వీధుల్లో రిన్స్‌లెస్ వాష్ మేలు. 10 లీటర్లలో ముగుస్తుంది, మళ్ళీ జాడించే పని లేదు.

అప్పటికే పడ్డ తెల్లమచ్చలకు వెనిగర్, ఆర్‌ఓ నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డ తడిపి, నీడలో ఒకటి రెండు నిమిషాలు మచ్చ మీద పరిచి ఉంచండి. ఆరనివ్వకుండా కడిగేయండి. దాంతో పోయినవి పైపై మచ్చలు. పోనివి పాలిష్‌కు పోతాయి. పాలిష్‌కూ పోనివి గుంట పడ్డవి, వాటి కోసం పెయింటు ఖర్చు చేయకండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ ఎంత పలచన చేసినా వద్దు. యర్రగుంట్ల, తాడిపత్రి దారిలో సిమెంటు లారీల వెనక తిరిగే బండ్లకు ఇంకో బాధ ఉంది. పొడిగా పడిన సిమెంటు దుమ్ము రాత్రి మంచుకు తడిసి గట్టిపడుతుంది. దాన్ని క్లే (పెయింటు మీది గరుకును లాగేసే ముద్ద) పెట్టి రుద్దితే గీతలే. ఇదే వెనిగర్ నీళ్ళతో తడి ఆరకుండా పది నిమిషాలు నానబెట్టి, కరిగాక జాడించాలి.

కడిగాక పలచటి పాలిథిన్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద జరపండి. వట్టి చేతికి తెలియని గరుకు అప్పుడు తెలుస్తుంది. బ్రేకుల నుంచి, రైలుపట్టాల దగ్గర నుంచి వచ్చే ఇనుపరజను అది. ఐరన్ రిమూవర్ కొట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచితే ఊదారంగులో కారిపోతుంది. ఇది కూడా నీడలోనే, ఆరనివ్వకుండా. తర్వాత కూడా గరుకు మిగిలితే ఫైన్ రకం క్లే బార్. అరచేతిలో సగమంత బిళ్ళగా పిసికి, షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లి, బరువు పెట్టకుండా జారనివ్వండి. మురికి కనబడగానే మడిచి కొత్త ముఖం తిప్పండి. నేల మీద పడ్డ క్లే ముక్కను ఆశపడకుండా పారేయండి.

మెషీన్ పట్టడం

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువైన కాలం. కడపలో, కర్నూలులో ఏప్రిల్, మేలలో 43 డిగ్రీలు దాటే రోజులు మామూలే. తప్పదంటే పొద్దున 6 నుంచి 9 లోపు, పైకప్పు ఉన్నచోట చేయండి. రేకుల షెడ్డు 10 గంటలకల్లా పొయ్యి అవుతుంది. అరచెయ్యి బానెట్ మీద హాయిగా ఆనకపోతే పాలిష్ మొదలుపెట్టొద్దు. నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణచండి. కారంతా ఒక్క పూటలో అయ్యేది కాదు. చెయ్యి కుదిరేదాకా రెండు మూడు పొద్దులకు పంచుకోండి. మరుసటి పూట మిగిలిన ప్యానెళ్ళు మళ్ళీ కడిగే మొదలుపెట్టాలి.

నల్ల ప్లాస్టిక్ పట్టీలు, రబ్బరు బీడింగులు, లోగోలు, బానెట్ అంచులు, తలుపు మడతలు మాస్కింగ్ టేపుతో మూయండి. అంచుల్లో, మడతల్లో కోటు సన్నగా ఉంటుంది, కాలిపోయేదీ అక్కడే. పార్సిల్ టేపు ఎండకు జిగురు వదులుతుంది, అది వద్దు.

బానెట్ మధ్యలో 45 సెంటీమీటర్ల చదరం ఒకటి పరీక్షకు పెట్టుకోండి. మొదట మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు పెట్టి, మెషీన్ ఆపి ఉండగానే చదరమంతా అద్ది, 1వ స్పీడులో పరవండి. తర్వాత 4, 5కు పెంచి సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేట్టు, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా జరపండి. నాలుగు నుంచి ఆరు సార్లు చాలు. కొత్తవాళ్ళు చేసే పొరపాటు చెయ్యి తొందరగా ఊపడం. అలా చేస్తే మెరుపు వస్తుంది, గీత అలాగే ఉంటుంది.

బరువు ఎంత వేయాలో తెలియాలంటే ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద ప్యాడ్ ఆనించి, మెషీన్ బరువుతో కలిపి 4, 5 కిలోలు చూపించేదాకా నొక్కి చూడండి, చేతికి ఆ పట్టు గుర్తుంటుంది. బ్యాకింగ్ ప్లేటు పక్కన మార్కర్‌తో ఒక గీత గీయండి. ఆ గీత తిరుగుతూ కనబడుతుంటే ప్యాడ్ పనిచేస్తున్నట్టు. ఊగుతోంది కానీ తిరగడం లేదంటే బరువు ఎక్కువైంది, లేదా ప్యాడ్ సమంగా ఆనలేదు.

గుడ్డతో తుడిచి, ఆల్కహాల్ ద్రావణం కొట్టి మళ్ళీ తుడిచి, అప్పుడు టార్చ్ వేయండి. ఈ తుడుపు మానొద్దు. పాలిష్‌లోని నూనె గీతల్లో కూర్చుని లేనట్టు చూపిస్తుంది. వాష్ సెంటర్లలో కొన్నిచోట్ల పట్టే చవక పాలిష్ మెరుపు రెండు కడుగుళ్ళకే పోవడం ఇందుకే. గీతలు చాలినంత పోకపోతే అదే చదరంలో మీడియం పాలిష్, పాలిషింగ్ ప్యాడ్. అప్పుడూ చాలకపోతేనే కటింగ్ ప్యాడ్. పదింట ఏడెనిమిది గీతలు పోతే అక్కడితో ఆపండి. మిగతా రెండింటి కోసం తీసే పెయింటు, మొదటి ఎనిమిదింటికి తీసినదానికన్నా ఎక్కువ.

పరీక్షలో కుదిరిన జోడీతోనే బండంతా చేయండి. ప్రతి చదరం తర్వాత ప్యాడ్‌ను బ్రష్‌తో శుభ్రం చేయాలి, రెండు మూడు ప్యానెళ్ళకు ప్యాడ్ మార్చాలి. బంపర్ల దగ్గర స్పీడు 3కు దించండి. ప్లాస్టిక్ వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి పెయింటు తొందరగా మెత్తబడి లాగుకుపోతుంది.

పని మధ్యలో వచ్చే తేడాలు ఎక్కువగా ఇవే. తెల్లపొడి రాలుతుంటే పాలిష్ ఎక్కువ పెట్టారు, లేదా వేడికి ఎండిపోయింది. చుక్కలు తగ్గించి చదరం చిన్నది చేయండి. మెరుపు బదులు మసక వస్తే ఆ పెయింటుకు ప్యాడ్ గట్టిదైంది, ఫినిషింగ్ ప్యాడ్‌తో 3వ స్పీడులో తేలిగ్గా ఇంకో రెండు సార్లు తిప్పితే తేటపడుతుంది. నల్ల కార్లకు ఈ రెండో అడుగు దాదాపు తప్పదు, తెల్లవాటికి చాలాసార్లు అవసరం రాదు. కాసిన్ని కొత్త గీతలు పడితే ప్యాడ్‌లో ఇసుక నలుసు చేరింది, ఆ ప్యాడ్ పక్కన పెట్టేయండి.

పైన ఏం పూయాలి

కార్నౌబా వాక్స్ నల్లటి, ముదురు రంగు బండ్లకు అందం ఇస్తుంది కానీ ఇక్కడి ఎండాకాలంలో నెల, నెలన్నర నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్ మూడు, నాలుగు నెలలు వస్తుంది, పూయడం సులువు, తప్పు జరిగినా నష్టం లేదు. మొదటిసారి చేసేవాళ్ళకు నా ఓటు దీనికే.

సిరామిక్ కోటింగ్ ఏడాది, రెండేళ్ళు ఉంటుంది. దాని గురించి చెప్పే మాటల్లో సగం తగ్గించి వినండి. డబ్బా మీద 9హెచ్ అంటే పెన్సిల్ గట్టితనం పరీక్ష. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎగిరే కంకరరాయి దానికి లెక్క కాదు. పొడిగుడ్డ గీతల్నీ అది ఆపదు. బోరు నీటి మచ్చలు దాని మీదా పడతాయి. నీళ్ళు ముత్యాల్లా నిలబడతాయి కాబట్టి ఎండలో వదిలేస్తే ఒక్కో ముత్యం ఒక్కో మచ్చ. కడగడం సులువవడం, పక్షిరెట్ట పెయింటును తినడానికి కొంచెం ఎక్కువ సమయం పట్టడం, ఎండకు రంగు వెలవడం తగ్గడం, దాని అసలు లాభాలు ఇవి.

పూసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకుని, గాలి ఆడేచోట, దుమ్ము ఎగరని వేళ చేయండి. ఆల్కహాల్ తుడుపు తర్వాత, అప్లికేటర్ మీద ఆరేడు చుక్కలు, 40 సెంటీమీటర్ల చదరం, అడ్డం నిలువు. ఇంద్రధనుస్సు రంగులు తేలగానే ఒక గుడ్డతో సమం చేసి, ఇంకో గుడ్డతో తుడవాలి. చలికాలం ఒకటి రెండు నిమిషాలు పట్టేది ఎండాకాలం అర నిమిషానికే రావొచ్చు, కాబట్టి వేడిలో ఒక చదరం పూర్తయ్యాకే ఇంకోటి. ఐదు నిమిషాలకు టార్చ్ వేసి నల్లటి మరకలు వెతకండి. గంటలోపు అయితే అదే కోటింగ్ తడిపిన అప్లికేటర్‌తో మెత్తబరచి తుడిచేయొచ్చు. మరుసటి రోజుకు గట్టిపడితే మళ్ళీ పాలిషే. మామూలు కారుకు 30 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. మొదటి 24 గంటలు చినుకు పడకూడదు, వారం పాటు షాంపూ వద్దు. ఆ గుడ్డలు ఎండితే గట్టిపడి గీస్తాయి, పారేయండి.

ఆ తర్వాత

పొద్దున దుమ్ము దులిపే అలవాటు మాన్పించడం డ్రైవరుకో, ఇంట్లో పెద్దాయనకో నచ్చజెప్పాల్సిన పని, మెషీన్ పట్టడం కన్నా కష్టం. బండి దుమ్ముగా ఉంటే ఉండనివ్వండి. అద్దాలు మాత్రం తడిగుడ్డతో తుడిచి బయల్దేరండి. ఆరుబయట గాలిలో దుమ్ము బండికి కవరు కప్పితే కవరే గరుకు కాగితం అయిపోతుంది. రెట్ట, చింతచెట్టు జిగురు పడిన పూటే తడిగుడ్డ పరిచి నానబెట్టి ఎత్తేయండి. ఆయుధపూజ నాటి పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు ఆ సాయంత్రమే కడిగేస్తే మరక ఉండదు. తెల్లబండి మీద పసుపు జాడ మిగిలినా పాలిష్ పట్టకండి, ఎండకు అదే వెలిసిపోతుంది.

మైక్రోఫైబర్లు, ప్యాడ్లు బట్టలతో కలపకుండా ద్రవ డిటర్జెంట్‌తో ఉతకండి, కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రావణాలు వేయొద్దు. అవి గుడ్డ పీల్చే గుణాన్ని చంపేస్తాయి. మిద్దె మీద గాలికి ఆరేస్తే దుమ్మంతా వాటిలోకే చేరుతుంది కాబట్టి లోపల ఫ్యాను కింద ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో ప్యాడ్లు వేరుగా, గుడ్డలు వేరుగా పెట్టుకోండి.